వేరుసెనగ కాయ – సున్నపు కథ

తాంబూలము వేసికొనువారికి సున్నపు సంగతి నేను చెప్పవలసిన పని లేదు. ఆకు లేతదైనను, వక్క మంచిదైనను, సున్నము తగులనిదే నోరు పండదు. ఆ సున్నము కాయలో నిండుగా నుండిన చాలదు, ఆకునకు రాయవలెను. రాచినను గోటిమీద నిలుచునంతయే రాయవలెను. మించినచో నోరు పొక్కును. సున్నము కావలెను, చోటెరిగి వేయవలెను, మితమెరిగి వేయవలెను. నేడు నేను చెప్పబోవు వేరుసెనగ చరిత్రమంతయు ఈ మూడు మాటలలో నిమిడి యున్నది. మనకింత తేటగా దోచు ఈ మాటలను వేరుసెనగ విషయమున రుజువు చేయుటకు లోకమునకు సుమారు 130 ఏండ్లు పట్టినది.

మెట్ట సేద్యము చేసినవారిలో ఈ క్రింది యనుభవము లేనివారరుదు. చేను పచ్చగా నుండును. చెట్లు గుబురుగా నెదిగి సాళ్లను మూసివేయును. చూచినవారందరు ఈ యేడు పంట బాగున్నదనుకొందురు. తీరా చెట్టును పెరికి చూడగా కాయలు గుత్తులుగానే కానవచ్చును. కాని కాయను రెండు వ్రేళ్లనడుమ నొక్కినచో డొల్లగా పగులును. లోపల గింజ యుండదు, ఉన్నను ముడుతలుపడి యుండును. వీనిని కొందరు తాలుకాయలందురు, కొందరు లొట్టకాయలందురు. బండ్లకొలది కాయలు ఇల్లు చేరును గాని కొలిచి ఒలిచిన పప్పు దక్కదు. అట్టి యేట వానను నిందింతుము, విత్తనమును నిందింతుము, తుదకు మన యదృష్టమును నిందింతుము. చెట్టు ఆకలి లేక పచ్చగా నుండగా దాని కాయ మాత్రమెందుకు ఆకలితో నెండినది? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన తీరే నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఈ పైరు పుట్టుపూర్వోత్తరములను కొంచెము విన్నవింతును. వేరుసెనగ మన దేశపు పైరు కాదు. దీని జన్మస్థానము దక్షిణ అమెరికా ఖండము. నేటి బొలీవియా దేశపు దక్షిణ భాగమును, అర్జెంటీనా ఉత్తర భాగమును కలియు ప్రాంతము. రెండు అడవిజాతుల కలయికవలన నీ మొక్క ఏర్పడినదని వంశబీజములను పరిశోధించిన శాస్త్రజ్ఞులు తేల్చి యున్నారు. అచ్చటి ప్రాచీనులకు దీనియందెంత గౌరవ ముండెనో తెలుపు నిదర్శన మొకటి గలదు. 1987లో పెరూ దేశమున సిపాన్ అను గ్రామమువద్ద, సుమారు 1700 ఏండ్ల నాటి రాజసమాధి యొకటి బయల్పడినది. ఆ రాజు కంఠమున వేసిన హారములలో ముత్యములకు మారుగా బంగారముతోను వెండితోను చేసిన వేరుసెనగ కాయలు గ్రుచ్చబడి యున్నవి.

పోర్చుగీసువారి యోడలు ఈ గింజను ఆఫ్రికా తీరమునకును, ఆసియాకును చేర్చినవి. ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడిన జనులతోపాటు ఇది ఉత్తర అమెరికాకు చేరినది. నేటికిని అమెరికా దక్షిణ రాష్ట్రములలో దీనిని 'గూబర్' అందురు. అది కాంగో ప్రాంతపు భాషలలోని 'న్గూబా' అను పదమునుండి వచ్చిన మాట. పేరు మోసికొని వచ్చినవారే సాగు నేర్పును గూడ తెచ్చిరి. తమ గుడిసెల ప్రక్క నున్న చిన్న మడులలో వారు చాలకాలము దీనిని పండించుకొనిరి. దొరలు మాత్రము దీనిని బానిసల తిండియనియు, పందుల మేతయనియు చిన్నచూపు చూచిరి.

ఈ మొక్క స్వభావము తక్కిన పైరులకంటె వింతయైనది. పూవు నేలపైన పూయును. కాయ నేలలోపల కాయును. పూవు వాడిన పిమ్మట దాని మొదటినుండి సన్నని కాడ యొకటి బయలుదేరి, మర్రియూడవలె క్రిందికి వ్రాలి, మట్టిలో దిగును. మన రైతులు దానిని ఊడయనియే పిలుతురు. ఊడ కొన నేలలోపల రెండు మూడు అంగుళముల లోతున అడ్డముగా తిరిగి కాయగా నూరును. ఈ యూడను జ్ఞాపకముంచుకొనుడు. కథయంతయు దానివద్దనే తిరుగుచున్నది.

ఇక సున్నపు సంగతికి వత్తము. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, జేమ్సు నది యొడ్డున ఎడ్మండు రఫిన్ అను భూస్వామి యుండెను. అతడు 1794లో పుట్టినవాడు. ఇంకను యువకుడుగా నుండగనే తాతతండ్రుల భూమి అతని చేతికి వచ్చెను. రెండు వందల యేండ్లుగా పొగాకును మొక్కజొన్నను మార్చి మార్చి వేసి, తిరిగి యేమియు పెట్టక, ఆ ప్రాంతపు భూములను జనులు పీల్చి పిప్పి చేసియుండిరి. పేడ వేసినను ఆ నేలలు తేరుకొనవయ్యెను. చుట్టుప్రక్కల కాపులు భూములను విడిచి పడమటికి వలసపోవుచుండిరి. రఫిన్‌కు గూడ వలస తలంపు కలిగెను.

అట్టి సమయమున ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడైన హంఫ్రీ డేవీ 1813లో ప్రకటించిన వ్యవసాయ రసాయన గ్రంథ మొకటి అతని చేతబడెను. నేలలో పులుసు చేరి అది బీడువడుట కలదనియు, సున్నము వేసినచో ఆ దోషము విరుగుననియు డేవీ అందు తెలిపియుండెను. రఫిన్ తన మట్టిని తానే పరీక్షించెను. అందు సున్నము జాడ లేదు. అతని పొలములోనే లోతున, పూర్వము సముద్రము నిలిచిన కాలపు గుల్లలతో నిండిన సుద్దమట్టి గలదు. 1818 ఫిబ్రవరిలో ఆ మట్టిని త్రవ్వించి కొలది యెకరములలో చల్లించి మొక్కజొన్న వేసెను. మట్టి వేసిన మేరకును వేయని మేరకును గల భేదము గట్టుమీద నిలిచి చూచినవారికి తెలియునంతగా నుండెను. ఆ యనుభవమును విపులీకరించి 1832లో సున్నపు టెరువులనుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను.

ఇచ్చట రెండు మాటలు చెప్పక విడుచుట న్యాయము కాదు. మొదటిది, ఆ సుద్దమట్టిని గోతులలో దిగి త్రవ్వినవారును, బండ్లకెత్తి పొలము చేర్చినవారును రఫిన్ కాదు, అతని బానిసలు. వారి పేర్లు గ్రంథమున కెక్కలేదు. ఆ బానిసత్వమును నిలుపవలెనని రఫిన్ కడవరకు వాదించి, దానికై జరిగిన యంతర్యుద్ధములో తన పక్ష మోడిపోగా 1865లో ఆత్మహత్య చేసికొనెను. నేల యారోగ్యమును కనుగొన్నవాని దృష్టికి ఆ నేలను దున్నినవాని యారోగ్యము కానరాకపోవుట శోచనీయము. రెండవది, రఫిన్ సున్నమును సర్వరోగ నివారిణియని చెప్పలేదు. ఆకుటెరువు, పశువుల యెరువు వేయక సున్నము మాత్రమే వేసిన ఫలము లేదనియు, మితిమీరి వేసిన పైరు చెడుననియు అతడే హెచ్చరించెను. సున్నము తండ్రిని ధనవంతుని చేసి కొడుకును దరిద్రుని చేయునని ఐరోపా రైతులలో నొక నానుడి గలదు. సున్నము నేలలోని సారమును కదలించి పైరున కందించును గాని, తీసినదానిని తిరిగి నింపదు. నింపు పని రైతుది.

రఫిన్ చూచినది మొక్కజొన్న, గోధుమ మొదలగు పైరులను. వేరుసెనగను బజారు సరకుగా పండించుట వర్జీనియాలో 1842 ప్రాంతమున, సస్సెక్సు అను జిల్లాలో ఆరంభమైనది. 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధములో రెండు పక్షముల సైనికులును ఈ కాయలను వేయించుకొని తిని రుచి మరిగిరి. యుద్ధానంతరము ఈ పైరు త్వరగా వ్యాపించెను. వర్జీనియా, ఉత్తర కెరొలైనా రాష్ట్రముల యిసుకనేలలు ఊడ దిగుటకు మెత్తగా నుండెను. కాని వానిలో సున్నము తక్కువ. లొట్టకాయల బాధ అచ్చటనే మిక్కుటమైనది. అచ్చటి రైతులు అనుభవమువలన ఒక సత్యమును కనిపెట్టిరి: సుద్దమట్టిగాని, కాల్చిన సున్నముగాని, ఆల్చిప్పల పొడిగాని వేసిన చేలలో గింజ నిండును, వేయని చేలలో ఆకు పెరుగునే గాని గింజ నిండదు. 1900 సంవత్సరమునకు పూర్వమే వేరుసెనగకు సున్నము అవశ్యకమని అచ్చటి సేద్యపు పుస్తకములలో వ్రాసియుండిరి.

వేయవలెనని తెలిసినది గాని, ఎందుకో తెలియలేదు. తెలియనందున చిక్కులు కలిగినవి. ఒకని చేనిలో సున్నము పనిచేసెను, ప్రక్కవాని చేనిలో చేయదయ్యెను. ఒకడు లోతుగా దున్ని సున్నమును అడుగున కప్పివేసెను. మరొకడు పంట చేతికివచ్చు వేళకు చల్లెను. ఇంకొకడు చెట్టు పచ్చగా నున్నదిగదా యని అసలు వేయడయ్యెను. తక్కిన పైరులలో ఆకు పసుపువారిన తిండి చాలదని గుర్తింతుము; ఆకు పచ్చగా నున్న చాలునని తలంతుము. వేరుసెనగ ఆ లెక్కను తప్పించినది.

ఈ ముడి విడినది 1940 తరువాతి దశాబ్దమున. ఉత్తర కెరొలైనా రాష్ట్రపు వ్యవసాయ ప్రయోగశాలలో కోల్వెల్, బ్రేడీ మున్నగు శాస్త్రజ్ఞులు పెద్దగింజ వేరుసెనగపై పరిశోధనలు చేసి, 1945లో తొలి ఫలితములను ప్రకటించిరి. వారిలో నైల్ బ్రేడీ అప్పటికి యువకుడు. తరువాతి కాలమున ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థకు అధ్యక్షుడై ప్రసిద్ధికెక్కినవాడు అతడే.

వారు చేసిన యుపాయము విన్న మీరును మెచ్చుకొందురు. మొక్క వేళ్లను ఒక పాత్రలోను, దాని ఊడలను వేరొక పాత్రలోను ఉండునట్లు ఏర్పాటు చేసిరి. అట్లు చేయుటవలన వేళ్లకు పెట్టు తిండిని, కాయకు పెట్టు తిండిని విడదీసి చూడ వీలయ్యెను. వేళ్లకు సున్నపు సారము సమృద్ధిగా నిచ్చి, ఊడలు దిగు పాత్రలో నది లేకుండ చేసిరి. చెట్టు పచ్చగా పెరిగెను, కాయలు లొట్టపోయెను. ఊడలు దిగు పాత్రలో సున్నపు సార ముంచగా గింజలు నిండెను. సున్నమునకు మారుగా పొటాషుగాని మెగ్నీషియముగాని కాయవద్ద నుంచిన ప్రయోజనము లేకపోయెను. ఊడ నేలలో దిగిన తరువాత 15వ దినము మొదలు 35వ దినము వరకు గల కాలమే కాయకు సున్నము మిక్కిలి యవసరమైన కాలమని బ్రేడీ 1947లో తెలిపెను.

అయినను సందేహించువారుండిరి. వేళ్లు పీల్చిన సున్నము కాయకు పోవుటలేదని కంటితో చూపగలరా యని వారి ప్రశ్న. 1949లో ఫ్లోరిడా రాష్ట్రమున బ్లెడ్సో, కోమార్, హారిస్ అను మువ్వురు దానిని గూడ నిరూపించిరి. ఆవు మెడకు గంట కట్టినచో అది ఏ తోపులో నున్నదియు వినవచ్చును గదా! అట్లే కిరణములు వెలువరించు ఒకవిధమైన కాల్షియమును, అనగా సున్నములోని మూలపదార్థమును, వారు ప్రయోగించిరి. అది మొక్కలో ఎచ్చటికి పోయినను యంత్రము పసిగట్టును. వేళ్లకిచ్చిన కాల్షియము కాండమునకును ఆకులకును చేరెను. కాయలకు చాలినంత చేరలేదు. కాయ చుట్టునున్న మట్టిలో నిచ్చినదానిని కాయయే నేరుగా పీల్చుకొనెను. 1818లో ఒక పొలమున మొదలైన ప్రశ్నకు 131 ఏండ్లకు సంపూర్ణ సమాధానము దొరికెను.

దీనికి కారణమేమన, మొక్కలో కాల్షియము నీటి వెంబడి పైకి పోవును. ఎండకు ఆకులనుండి నీరు ఆవిరియగుచుండును. ఆ యీడ్పువలన వేళ్లనుండి నీరు పైకి ప్రాకును. ఆ నీటితో కాల్షియము ఆకులను చేరును. ఒకసారి ఆకును చేరిన కాల్షియము తిరిగి క్రిందికి రాదు. చక్కెరయు, నత్రజనియు ఆకునుండి కాయకు దిగివచ్చును గాని కాల్షియము దిగిరాదు. చీకటినేలలో నున్న కాయనుండి నీరు ఆవిరి కాదు గనుక, వేళ్ల నీరు దానివంక పోదు. కావున తక్కిన యాహారమునంతయు తల్లి పెట్టినను, సున్నమును మాత్రము బిడ్డ తన పెంకుతోను ఊడతోను తానే మట్టినుండి పీల్చుకొనవలెను. తల్లి వస్త్రాభరణములు చూచి బిడ్డ కడుపు నిండినదని తలచుట యెట్టిదో, ఆకుల పచ్చదనము చూచి గింజ నిండునని తలచుట యట్టిది.

ఈ సత్యము తెలిసిన పిమ్మట పూర్వపు చిక్కులన్నియు విడిపోయినవి. సున్నము కాయ కూర్చుండు పై మూడు నాలుగంగుళముల మట్టిలో నుండవలెను. అడుగున నెంత యున్నను వేళ్లకే గాని కాయకు దక్కదు. కాయ నీటిద్వారానే పీల్చును గనుక ఆ పైమట్టిలో పదను గూడ నుండవలెను. ఊడ దిగిన పిమ్మట వాన మొగము చాటువేసి పైమట్టి యెండినచో, వేళ్లు లోతు పదనుతో చెట్టును పచ్చగా నిలిపినను, కాయ చుట్టు సున్నముండియు లేనట్లేయగును. అనంతపురము వంటి వానకరవు సీమలో ఈ మాట విలువ యెంతయో వేరుగా చెప్పనక్కరలేదు. పొటాషు ఎరువును కాయ యుండు మట్టిలో అతిగా చేర్చినను అది సున్నమునకు పోటీయై అడ్డుపడును. ఇక గింజ పెద్దదైన కొలది ఈ యవసర మెక్కువ. చిన్నగింజ గుత్తిరకములు కొలది సున్నముతో నిండును. పెద్దగింజ తీగరకములు అదే నేలలో లొట్టపోవచ్చును.

సున్నమని యిచ్చట నొక్క మాటగా చెప్పుచున్నను, రైతు వేయునవి ముఖ్యముగా రెండు. ఒకటి సున్నపురాతి పొడి, రెండవది జిప్సము. సున్నపురాయి నేలలోని పులుసును విరుచును. ఆ పని జిప్సము చేయదు. కాని సున్నపురాయి నీటిలో కరుగుట మిక్కిలి యల్పము. ఒక లీటరు నీటిలో గ్రాములో నూరవ పాలు మాత్రమే కరుగును. జిప్సము అదే లీటరులో రెండు గ్రాములకు పైగా కరుగును. కావున సున్నపురాతి పొడిని విత్తుటకు చాల ముందుగా వేసి పైమట్టిలో కలుపవలెను. పిమ్మట లోతుగా తిరుగదున్నరాదు. జిప్సమును పూతకాలమున, ఊడలు దిగు తరుణమున మొదళ్లవద్ద వేయవలెను. ముందుగా వేసిన, ఇసుకనేలలో పెద్దవానకు కరిగి అడుగునకు జారిపోవును. జిప్సములో కాల్షియముతోపాటు గంధకము గూడ గలదు. నూనెగింజలకు గంధకము హితకరము. మన ఆంధ్రదేశపు వ్యవసాయశాస్త్రజ్ఞులు ఎకరమునకు 200 కిలోగ్రాముల జిప్సమును ఊడ దిగువేళ సాళ్లలో వేసి, కలుపుతీసి, మట్టి నెగద్రోయుమని చెప్పుటకు మూలము ఇదియే. ఊడలు దిగిన పిమ్మట మాత్రము గుంటకను తాకింపరాదు. దిగిన ఊడ కదలినచో మరల నిలువదు. ఇండ్లకు వాడు కాల్చిన సున్నము ఘాటైనది. కాల్చిన సున్నము 56 పాళ్లు సున్నపురాతి పొడి 100 పాళ్లకు సమానము. దానిని నిలువు పైరుమీద ఎన్నటికిని చల్లరాదు.

పెద్దలారా, ఇంతవరకు పంట రాశినిగూర్చి చెప్పితిని. ఇంతకంటె ముఖ్యమైనది విత్తనపు మాట. లొట్టకాయ తన దోషమును దాచుకొనదు, చేతబట్టిన తెలియును. కాని సున్నము కొంచెము చాలక పోయినచో గింజ నిండుగానే యుండును, నూనె యుండును, తూకము తూగును, బేరగాడు మారుమాటాడక కొనును. దోషము లోపల నుండును. 1964లో ఉత్తర కెరొలైనాకు చెందిన కాక్స్, రీడ్ అను పరిశోధకులు ఈ మరుగు దోషములను వివరించిరి. సున్నము చాలని గింజను రెండు బద్దలుగా విప్పిన, నడుమ నుండు మొలకముక్కు నల్లబడి యుండును. బోరాను అను మరియొక ధాతువు చాలకపోయిన బద్దల లోపలితట్టు గుంటపడి గోధుమవన్నెగా మారును. మొలకముక్కు చెడిన గింజ తినుటకు పనికివచ్చును, గానుగకు పనికివచ్చును. విత్తుటకు మాత్రము సరిగా పనికిరాదు. విత్తినను మొలవకపోవును, లేదా మొలచినను కాండపు మొదలు నీరుపట్టినట్లయి బలహీనముగా నుండును. ఈ కారణముచేతనే అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, తిండిగింజ పండించు రైతును మట్టి పరీక్షించి అవసరమైననే జిప్సము వేయుమని సలహా యిత్తురు గాని, విత్తనము పండించు రైతును మాత్రము పరీక్షతో నిమిత్తము లేక తప్పక వేయుమని శాసింతురు. సున్నపు లోటు ఈ యేటి పంటను కొంచెము తగ్గించును. వచ్చు నేటి పంటను మొదలంట నరకును.

విత్తనము చెడిన నేమగునో మన దక్షిణదేశ మొకప్పుడు చవిచూచినదే. పందొమ్మిదవ శతాబ్దమున పుదుచ్చేరి రేవునుండి ఫ్రాన్సు దేశపు మార్సెయిల్సు పట్టణమునకు వేరుసెనగ విస్తారముగా నెగుమతియయ్యెను. అచ్చటి గానుగలు, సబ్బు కర్మాగారములు దీనినే కోరెను. 1890 తరువాతి దశాబ్దమున మద్రాసు రాజధానిలో నాటు విత్తనము క్షీణించి, తెగులు సోకి, సాగు పడిపోయెను. ఆఫ్రికానుండి క్రొత్త విత్తనము తెచ్చి వేసిన తరువాతగాని మరల పుంజుకొనలేదు. ఆ నాటి క్షీణతకు సున్నపు లోటే కారణమని నేననుటలేదు. విత్తనపు సత్తువ తగ్గిన, ఒక్క రైతు కాదు, జిల్లాలు జిల్లాలే దెబ్బతినునని చూపుటకు మాత్రమే దీనిని చెప్పితిని. అటు పిమ్మట 1940లో తిండివనము పరిశోధన క్షేత్రమునుండి టి.ఎం.వి. 2 అను గుత్తిరకము వెలువడి రాయలసీమ మెట్టలలో దశాబ్దములు నిలిచినది. తరువాత కదిరి క్షేత్రపు రకములు వచ్చినవి. రకమెంత మంచిదైనను, దాని గింజ నిండవలసినది మన మట్టిలోనే. విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా యని మనవారందురు. నిజమే, కాని మంచి విత్తే యైనను మొలకముక్కు నల్లబడిన నేదియు మొలవదు.

ఇక మితమునుగూర్చి. ఇంత విన్నంతనే ఇంటికి పోయి చేనినిండ సున్నము కుమ్మరింపవలదని నా మనవి. నేలలన్నియు ఒక తీరున నుండవు. నల్లరేగడిలోను, సున్నపు కంకర గల నేలలోను సున్నము సహజముగానే హెచ్చు. అట్టిచోట సున్నపురాతి పొడి వేసినచో ఇనుము, జింకు, మాంగనీసు, బోరాను అను సూక్ష్మధాతువులు నేలలో బిగుసుకొనిపోయి పైరున కందవు, లేతాకులు పసుపువారును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును. సున్నపురాతి పొడి పులుసు నేలలకే తగును. వానలు హెచ్చుగా కురిసి సారము కడుగుకొనిపోయిన ఎఱ్ఱనేలలలో ఆ దోష ముండుట కలదు. అట్టి నేలలలో సున్నము వేయుటవలన కాయ నిండుటయే గాక, వేళ్లమీది బుడిపెలలో నుండి గాలినుండి నత్రజనిని తెచ్చు సూక్ష్మజీవులు గూడ వృద్ధియగును. పులుసు లేని తేలిక యెఱ్ఱనేలకు జిప్సమే తగును. ఏ నేల ఏ తీరుదో కంటితో నిర్ణయింపరాదు, మట్టిని పరీక్షింపించుకొనవలెను. మట్టి తీయునప్పుడు పై నాలుగంగుళముల మట్టిని వేరుగా తీయుడు. కాయ తిను కంచము అదియే.

విత్తనమునకై కాయను దాచువారు ఒక చిన్న పరీక్ష యింటనే చేసికొనవచ్చును. నిండుగింజలను 20 తీసి, బద్దలుగా విప్పి, మొలకముక్కు తెల్లగా నున్నదో నల్లబడినదో చూడుడు. మరి 100 గింజలను తడిగోనెలో చుట్టి వారము దినములుంచి ఎన్ని మొలచినవో లెక్కింపుడు. ఈ పనికి దీపము చాలును, ఇంటిలోని పిల్లల చేతులు చాలును. విత్తు వేళకు చేనిలో మొలక లేని సాళ్లు చూచి వగచుటకంటె ఇది మేలు.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి చెప్పి విరమింతును. సున్నము కాయకు మేలుచేయునని ముందుగా గ్రహించినవారు చేనిలో చెట్టు పెరికి కాయ నొక్కి చూచిన కాపులు. ఎందుకు మేలుచేయునో తెలిపినవారు పాత్రలలో ఊడలను వేరుచేసిన పండితులు. కాపుల యనుభవము లేనిదే పండితులకు ప్రశ్న దొరకదు. పండితుల విచారణ లేనిదే కాపులకు చోటును కాలమును తెలియవు. మీ యూరిలో ఏ చేను యేటేట లొట్టపోవునో, ఏ చెలక విత్తనము మొలకకు గట్టిదో మీకు తెలిసినట్లు మరియొకరికి తెలియదు. ఆ తెలివిని మీలోనే యుంచుకొనక, నేడు నాగలి పట్టిన చిన్నవారికి చెప్పుడు. మట్టి పరీక్షించువారికిని చెప్పుడు. ఈ తడవ చెట్టు పెరికినప్పుడు ఆకు పచ్చదనము చూచి సంతోషించుట మాని, ముందు కాయను చేతబట్టి నొక్కి చూడుడు.